గీత లేవని మిర్చి నమూనాలు

ల్యాబులో ఉద్యోగం అంటే మా బంధువుల్లో సగం మందికి రక్తం తీసే పని, మిగతా సగం మందికి షుగరు ఎంతుందో చెప్పే పని. రిటైరయ్యేదాకా పెళ్ళిళ్ళలో నా ముందుకు రిపోర్టులు చాపినవాళ్ళే తప్ప, నువ్వు అసలు ఏం చేస్తావని అడిగినవాళ్ళు లేరు. అడిగినా బంతి భోజనంలో చెప్పుకునే సంగతి కాదది. ఆడవాళ్ళకు పైకి ఏమీ తెలియకుండా లోపల చేరే క్లమీడియా అనే ఇన్‌ఫెక్షను ఎంతమందిలో ఉంది, ఉన్నది ఏ రకం అని వెతకడం నా చివరి కొన్నేళ్ళ ఉద్యోగం. పప్పులో నెయ్యి కలుపుకుంటున్న మేనత్తకు ఎలా చెబుతాను?

ఇప్పుడు చెబుతాను. ముఖ్యంగా కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలకు చెబుతాను. మెషిన్లు మీకు మాకంటే బాగా వచ్చు, ఒప్పుకుంటాను. కానీ నమూనా ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చూడటానికి మీరు కుర్చీ దిగరు. నాకూ దిగడం ఇష్టం ఉండేది కాదు. ఎండ నాకు పడదు, జీపు ప్రయాణం అంతకన్నా పడదు. చచ్చినట్టు దిగాల్సి వచ్చిన ఓ వారం గురించి ఇది.

మేం పనిచేసింది గుంటూరులో ఓ మెడికల్ కాలేజీ ల్యాబు. చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు, వాడరేవులో చేపలు ఎండబెట్టేవాళ్ళు, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గరివాళ్ళు, గుంటూరు బయట కోల్డు స్టోరేజీల్లో మిరపకాయల ముచ్చికలు తీసే ముఠాలు, వీళ్ళలో ఇష్టపడి ఒప్పుకున్నవాళ్ళ దగ్గర నమూనాలు తీసుకునేవాళ్ళం. తీసుకునేవాళ్ళం అనడం కూడా తప్పే. ఓ పొడవాటి దూది పుల్ల ఇచ్చి, ఎలా తీయాలో చెబితే, వాళ్ళే చాటుకు వెళ్ళి తీసి గొట్టంలో పెట్టి ఇచ్చేవాళ్ళు. డాక్టరు ముందు బల్ల ఎక్కడానికి సిగ్గుపడేవాళ్ళు కూడా దీనికి సరేననేవారు.

ఈ జబ్బుతో చిక్కేమిటంటే చాలామందికి ఉన్నట్టే తెలియదు. కొందరికి తెల్లబట్ట అవుతుంది, పొత్తికడుపులో నొప్పి వస్తుంది. వదిలేస్తే పిల్లలు పుట్టే దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. కనిపెడితే మాత్రం వారం రోజుల మాత్రలు, అంతే. అయితే ఇది కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది. భార్యకు మాత్రమే ఇస్తే లాభం లేదు, భర్త కూడా మింగాలి. అసలు తంటా అంతా అక్కడే.

మా ప్రొఫెసర్ గారికి రకాల పిచ్చి. ఈ క్రిమిలో ఓ జన్యువును చదివి అది డి రకమా, ఇ రకమా, ఎఫ్ రకమా అని అక్షరాలు కడతారు. నాకు ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఆయనకు ఉన్నది ఏ అక్షరం అన్నది ముఖ్యం. కొత్త అక్షరం దొరికిన రోజు ల్యాబు మొత్తానికీ కాఫీలు తెప్పించేవారు. మిర్చి ముఠా దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి బొమ్మలు చూపిస్తూ ఈ రకాల గురించి చాలాసేపు చెప్పారు. ముఠాకు మేస్త్రి ఓ పెద్దావిడ, అందరూ పిన్ని అనే పిలుస్తారు. అంతా ఓపిగ్గా విని, "తేజ వేరు, బాడిగ వేరు, అన్నీ మిరపకాయలే. అంతేగాండీ?" అంది. అంతేనమ్మా అని ఈయన మురిసిపోయి, ఆ తర్వాత క్లాసుల్లో కూడా అదే చెప్పడం మొదలుపెట్టారు.

నా వంతు వచ్చేసరికి పుల్ల ఎలా పట్టుకోవాలో, ఎంతవరకు పెట్టాలో, గొట్టం మూత ఎలా బిగించాలో చెప్పాను. అన్నిటికంటే ముందు చేతులు బాగా శుభ్రం చేసుకోవాలని ఒకటికి రెండుసార్లు చెప్పాను. చెప్పి, ఫ్యాను కిందే కూర్చున్నాను. అవతలి షెడ్డులోకి తొంగి చూడలేదు. ఘాటు అక్కడిదాకా వస్తూనే ఉంది.

గొట్టాలన్నీ ఐసు పెట్టెలో సర్దుకుని జీపు ఎక్కబోతుంటే ఒకమ్మాయి వెనకాలే వచ్చింది. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. ముఖానికి కట్టుకున్న గుడ్డ మెడ కిందికి లాక్కుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మా, నాకు ఏడాది నుంచి పొత్తికడుపులో నొప్పండి. తెల్లబట్ట కూడా. గర్భసంచి తీసేయాలంటన్నారు. మీ పరీక్షలో ఏదన్నా కనపడితే మాత్రలతో పోద్దా?"

"కనపడితే చాలామటుకు పోతుంది."

"కనపడకపోతే?"

నిలబెట్టి అడిగితే మిగతాది చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మందులిచ్చే ఆర్.ఎం.పి. ఆమెను ఓ నర్సింగ్ హోముకు తీసుకెళ్ళాడు. వాళ్ళు స్కానింగు చేసి, వదిలేస్తే క్యాన్సరు అవుతుందని భయపెట్టి, ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. ఓ సోమవారం, ఇంకో పది రోజులే ఉంది. వాళ్ళ వీధిలో ఈ ఆపరేషను చేయించుకోనిది ఎవరని లెక్క పెట్టుకోవాల్సిన పరిస్థితి. తోడికోడలికి రెండేళ్ళ క్రితం తీసేశారు. అప్పట్నుంచీ ఆవిడకు ఒళ్ళంతా ఆవిర్లు, నడుము నొప్పి, పట్టుమని గంట కూర్చుని ముచ్చికలు తీయలేదు. ఈ అమ్మాయికి ఒక్కతే కూతురు, ఇంకొకరు కావాలని ఉంది. భర్త కౌలుకు పత్తి వేస్తాడు, సీజనులో అదే కోల్డు స్టోరేజీలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోస్తాడు. క్యాన్సరు అన్న మాట విన్నాక అతను కూడా తీయించేద్దాం అన్నాడట. నా నంబరు ఇచ్చి, జీపెక్కాను. దారి పొడవునా ఆ రెండో ప్రశ్నే గుర్తొచ్చి చిరాకేసింది.

కిట్లు ఖరీదైనవి. అందుకని ముందు క్రిమి కోసం పరీక్ష నడిపి, మర్నాడు విడిగా ఇంకో పరీక్ష నడిపేవాళ్ళం. రెండోది క్రిమి కోసం కాదు. పుల్ల మీద ఆ మనిషి కణాలు ఉన్నాయా, నమూనా పనికొస్తుందా అని చూడటానికి. పనికొచ్చే నమూనా అయితే తెర మీద ఓ గీత నింపాదిగా పైకి లేస్తుంది.

మొదటి పరీక్షలో చిలకలూరిపేట గీతలు కొన్ని లేచాయి, వాడరేవువి కొన్ని లేచాయి. మిర్చి ముఠావి ఒక్కటీ లేవలేదు. ప్రొఫెసర్ గారు తెర ముందు అటూ ఇటూ తిరిగి, చివరికి నా వైపు చూసి, మిర్చి ఘాటే ఈ ఆడవాళ్ళను కాపాడుతోందేమో అన్నారు. ఆ సాయంత్రానికి ఏమో కూడా పోయింది. తెల్లబోర్డు మీద పేపరుకు పేరు రాసేశారు, దాని కింద గీత కూడా కొట్టారు. ఇన్నాళ్ళూ నోరు మండిందని మిరపకాయను అనవసరంగా తిట్టుకున్నామని అందరికీ చెప్పుకొచ్చారు. ఆయన సంబరం చూస్తే నాకూ ముచ్చటేసింది. రేపటి పరీక్ష కూడా కానివ్వండి సార్ అంటే, మీరెప్పుడూ ఇంతే అన్నారు.

సరిగ్గా ఆ సాయంత్రమే ఆ అమ్మాయి ఫోను చేసింది. నాదేమైనా తెలిసిందా అని. తెర మీద ఆమె గీత పడుకునే ఉంది. ఏమీ లేదమ్మా అని ఒక్క మాటంటే చాలు, సోమవారం వెళ్ళి బల్ల ఎక్కేస్తుంది. పని ఇంకా సగమే అయింది, నేను చెప్పేదాకా ఎక్కడికీ వెళ్ళొద్దు అన్నాను. సరేనండి అంది గానీ, ఆ సరేలో నమ్మకం లేదు.

మర్నాడు రెండో పరీక్ష నడిపాను. పేట నమూనాలన్నీ లేచాయి. వాడరేవువి లేచాయి. మిర్చి ముఠావి మాత్రం అలాగే పడుకున్నాయి, అన్నీ. అంటే ఆ ఆడవాళ్ళకు క్రిమి లేదని కాదు, వాళ్ళ సంగతి మాకు ఏమీ తెలియదని. ప్రొఫెసర్ గారిని పిలిచి చూపించాను. ఆయన చూసి, వెళ్ళి బోర్డు తుడిచేశారు. తుడిచాక మాత్రం ఆయనలో డాక్టరు నిద్ర లేచాడు. నమూనాలు పలచన చేసి నడపమన్నారు, కొత్త కిట్టు విప్పమన్నారు, ఐసు పెట్టె చూడమన్నారు. పెట్టె తప్పు కాదు, అదే పెట్టెలో పేట నమూనాలూ వచ్చాయి. మిర్చి పొడి పడిందేమోనని అనుమానం వచ్చింది. "ఇక్కడ కూర్చుంటే తేలదు. మీరే వెళ్ళి చూడండి, ఈసారి షెడ్డు లోపలికి," అన్నారు. నేను ఫ్యాను కిందనుంచి కదలలేదని ఆయన ఆ రోజే గమనించారన్నమాట.

శుక్రవారం వెళ్ళాను. షెడ్డులో అడుగు పెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి, ఆగలేదు. ఎర్రటి కుప్పల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ముచ్చికలు తీస్తూ, తాలు కాయలు ఓ పక్కకు ఏరుతూ, నన్ను చూసి నవ్వుతున్నారు. మేస్త్రి పిన్ని ఓ పీట వేసి కూర్చోమంది. ఊరికే కూర్చుంటే బాగుండదని నేనూ కాసిని కాయలు దగ్గరికి లాక్కుని ముచ్చికలు తీశాను. నా తీత చూసి పక్కావిడ నా చేతిలో కాయ లాక్కుని మళ్ళీ తీసింది. కాసేపటికి వేళ్ళు చురచురలాడాయి. ఆ వేళ్ళతోనే తుమ్ము ఆపుకోబోయి కన్ను నలుపుకున్నాను.

ఇక చూడాలి నా అవస్థ. నీళ్ళు, నీళ్ళు అని అరుస్తూ లేచాను. నలుగురు నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు. ఎవరో పైటచెంగుతో కన్ను తుడిచారు, ఇంకెవరో ఓ పాత సీసాలోంచి కొబ్బరి నూనె నా అరచేతుల్లో పోసి మణికట్టుదాకా రుద్దారు. పిన్ని నా చేతులు తన ఒళ్ళో పెట్టుకుని, "మిరప మంటకి నీళ్ళు తగిలితే ఇంకా రేగుద్దండి. సబ్బుకి కూడా పోదు. ముందు నూనె, తర్వాతే ఏదైనా," అంది. చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా, అన్నం తినాలన్నా, ఒంటికి వెళ్ళాలన్నా ఇక్కడ ముందు నూనె రాసుకోవాల్సిందేనట.

మండుతున్న కంటితోనే అడిగాను, మా పరీక్ష రోజున కూడా రాసుకున్నారా అని.

"రాసుకోకుండా ఎట్టాగండి? చేతులు బాగా శుభ్రం చేసుకోమని మీరేగా రెండుసార్లు చెప్పారు. పుల్లకి కూడా కాస్త రాశాం. చేతి మంట దానికంటుకుని లోపలికి పోతే ఎవరు పడతారండీ?"

నేను చెప్పినదాన్ని అక్షరాలా పాటించి, నాకు తెలియని జాగ్రత్త ఇంకొకటి కూడా తీసుకుని, పుల్లలన్నిటికీ నూనె పట్టించి ఇచ్చారన్నమాట. ఒక కన్ను మూసుకుని పగలబడి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియక వాళ్ళూ నవ్వారు. అప్పుడు ఆ వరసలో చివర నవ్వకుండా నన్నే చూస్తున్న అమ్మాయి కనపడింది. నవ్వు ఆగిపోయింది. సోమవారం ఎంతో దూరం లేదు.

ప్రొఫెసర్ గారికి అక్కణ్ణుంచే ఫోను చేశాను. ఆయన ఫోను పెట్టకుండానే, బాగా గీత లేచిన ఓ పేట నమూనాలో చుక్క నూనె వేసి మెషిన్లో పెట్టించారు. నేను ల్యాబుకు చేరేసరికి అది కూడా చక్కగా పడుకుంది. "మిర్చి కాదండీ మనల్ని ముంచింది, కొబ్బరికాయ," అని ఆయనే నవ్వి, శనివారం మళ్ళీ నమూనాలు తీయమన్నారు. మిరపకాయ ముట్టుకోకముందే తీయాలి. అంటే తెల్లారి ఆటోలు దిగగానే.

రెండోసారి అంటే ఒప్పుకోరేమోనని భయపడ్డాను. ఒకరిద్దరు గొణిగారు కూడా. పిన్ని వాళ్ళ మీద గట్టిగా ఓ కేక వేసింది, దాంతో సరిపోయింది. శనివారం పొద్దున్నే ఆవిడ కోల్డు స్టోరేజీ గేటు దగ్గర చేతులు బార్లా చాపి నిలబడింది. ఆటో దిగినవాళ్ళను దిగినట్టే వాచ్‌మన్ ఇంటి బాత్రూము వైపు తోలింది. షెడ్డు వైపు ఒకడుగు వేసినవాళ్ళకు తిట్లు. సూపర్‌వైజరు వచ్చి పనికి ఆలస్యమవుతోందని విసుక్కుంటే, ఆయనకూ రెండు పడ్డాయి. నూనె సీసా మాత్రం నేను స్వయంగా తీసుకుని నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఆ అమ్మాయి గొట్టం నా చేతికిచ్చి, "ఈసారైనా చెబుతారా అండీ?" అంది. ఆదివారం సాయంత్రానికి చెబుతానన్నాను. అలా మాట ఇవ్వకూడదని తెలుసు, ఇచ్చేశాను.

ఆదివారం ప్రొఫెసర్ గారు కూడా వచ్చారు, లుంగీ మీద మాత్రం కాదు గానీ దాదాపు అలాగే. ఈసారి రెండు పరీక్షలూ ఒకేసారి నడిపాం. ముందు మనిషి గీతలు ఒక్కొక్కటే లేచాయి, ముఠా ముఠా అంతా లేచింది. తర్వాత క్రిమి గీతలు అక్కడక్కడా మొదలయ్యాయి. ఆ అమ్మాయిది చాలాసేపు నేలకు అంటుకునే ఉంది. ఒక మనిషికి జబ్బు ఉండాలని అంతగా కోరుకోవడం నా ఉద్యోగంలో అదే మొదలు, అదే ఆఖరు. తర్వాత అది కదిలింది. నెమ్మదిగా వంగి పైకి లేచింది. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. ప్రొఫెసర్ గారు ఏ అక్షరమో అన్నారు. ముందు మనిషిని ఆపనివ్వండి సార్ అని ఫోను తీశాను.

ఫోనులో జబ్బు పేరు చెప్పను, ఎవరికీ చెప్పకూడదు. రేపు అక్కడికి వెళ్ళొద్దు, ఇక్కడికి రా, నీ భర్తను కూడా తీసుకురా అన్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది, అంతే.

సోమవారం ఇద్దరూ వచ్చారు. మా ఆసుపత్రి గైనిక్ డాక్టరమ్మ ఆమెను పరీక్ష చేసి, పాత స్కానింగు చూసి, ఇందులో క్యాన్సరు లేదు, ఈ వయసులో గర్భసంచి తీసేంత పని అసలే లేదు, ముందు మాత్రలు వాడండి అంది. భర్త గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాకే నొప్పీ లేదు, నాకెందుకండీ మాత్రలు అన్నాడు. నీకూ ఉందో లేదో చూద్దాం, మూత్రం ఇస్తే చాలన్నాం. ఇచ్చాడు గానీ ముఖం గంటు పెట్టుకున్నాడు. ఫలితం వచ్చాక విడిగా పిలిచి చెప్పాం. ఉంది. భార్యలో తేలిన ఎఫ్ రకమే.

ఈ రకాల పనిలో నన్ను భయపెట్టే ఘట్టం అదే. ఒకే అక్షరం వస్తే ఎవరి నుంచి ఎవరికి అన్న ప్రశ్న లేస్తుంది. ఆ అక్షరం చెప్పేది ఇద్దరిలో ఉన్నది ఒకటే అని మాత్రమే. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో అది చెప్పదు, ఈ క్రిమి ఏళ్ళ తరబడి నోరెత్తకుండా ఉండగలదు. డాక్టరమ్మ ఇదంతా అతనికి నిదానంగా చెప్పింది. అతను నేల చూస్తూ విన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాను. ఇతను మింగకపోతే ఆమెకు మళ్ళీ వస్తుంది, మళ్ళీ నొప్పి, మళ్ళీ ఆ బల్ల.

చివరికి తలెత్తి అన్నాడు. "పక్క చేలో మందు కొట్టకుండా మన చేలో కొడితే తెల్లదోమ మళ్ళీ రాదాండీ? ఎవరి చేలోంచి వచ్చిందని తగువు పెట్టుకుంటే పత్తి పోద్ది. ఇవ్వండి, మింగుతా."

ఆ క్షణంలో అతని మీద నాకు కలిగిన గౌరవం మా కాలేజీలో చాలామంది మీద కలగలేదు. డాక్టరమ్మ మొదటి మాత్ర ఇద్దరి చేతా అక్కడే మింగించింది. నీళ్ళ గ్లాసు ముందు భార్యకు అందించాడు.

మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్షకు రమ్మన్నాం. మిర్చి సీజను అయిపోయింది, చేతులకు నూనె గొడవ లేదు. నొప్పి పోయిందని వస్తూనే చెప్పింది. నమూనా ఇచ్చి, ఫలితం వచ్చేదాకా కారిడారులో బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం బయటికొచ్చి, పోయిందమ్మా, ఈసారి నిజంగానే ఏమీ లేదు అన్నాను. లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళ పైన ఉద్యోగం చేసి కారిడారులో ఏడవడం ఏమిటని సిగ్గు కూడా వేసింది.

అంతలో ఆమె ఫోను మోగింది. నంబరు చూసి మొహం చిట్లించింది. ఆ నర్సింగ్ హోము వాళ్ళట, వారానికోసారి చేస్తున్నారట, ఇన్నాళ్ళూ తీసే ధైర్యం లేకపోయిందట. ఈసారి తీసింది. అవతల ఆడగొంతు, తేదీ ఎప్పటికి మార్చమంటారని అడుగుతోంది.

"మార్చొద్దండి. కొట్టేయండి," అంది. "నా గర్భసంచి నాకే ఉండనీయండి."

ఫోను పెట్టేసి, ఆ మాట అన్నది తనేనా అన్నట్టు దానికేసి చూసుకుంది. తర్వాత నా దగ్గరికి జరిగి, ముఠాలో ఇంకో ఇద్దరికి కూడా అక్కడ తేదీలు ఇచ్చారండీ, వాళ్ళని రేపు తీసుకురమ్మంటారా అని అడిగింది.

రేపెందుకు, ఇవాళే రమ్మను అన్నాను.